పునాదిలో మా మాట

ఇల్లు కట్టాలంటే మొదట పునాది తీయాలి. పునాది అన్న మాట ఫారసీ 'బునియాద్'. అది తెలుగులో ఎంతగా కలిసిపోయిందంటే, 'ఈ నేలలో మీ పునాదులెక్కడ?' అని మమ్మల్ని నిలదీసేవాళ్లు కూడా ఆ మాట లేకుండా నిలదీయలేరు. పునాదికి ముందు జాగా కావాలి. జాగాకి హద్దులుండాలి, హద్దులకి దస్తావేజు ఉండాలి. కింద గచ్చు, ముందు దర్వాజా, పాతబడితే మరమ్మతు, సొంతిల్లు లేనివాళ్లకి కిరాయి. ఇవన్నీ ఫారసీ నుంచో అరబ్బీ నుంచో వచ్చి తెలుగువాళ్ల నోట స్థిరపడ్డ మాటలే. మధ్యలో మేస్త్రీ ఒక్కడు పోర్చుగీసు నుంచి వచ్చాడు. ఇక 'వారసత్వం' సంగతి చూడండి. తల అరబ్బీ 'వారిస్', తోక సంస్కృతం. ఏ వారసత్వం గురించి ఇంత రభస జరుగుతోందో, ఆ మాటకే ఇద్దరు తల్లులున్నారు.

మాటల గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. మాకు ఒక ఇల్లు కట్టుకోవాల్సిన పని పడింది. ఎలాంటి ఇల్లు కట్టుకుంటే అది మాది అవుతుంది అన్న ప్రశ్న కూడా దాంతోపాటే వచ్చి పడింది.

ముస్లింల వారసత్వ కట్టడం అనగానే చార్మినార్, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు గుర్తుకొస్తాయి. సెక్యులర్ మిత్రులు వాటిని చూపించి మమ్మల్ని మెచ్చుకుంటారు. అవతలివాళ్లు అలాంటివే చూపించి మమ్మల్ని లెక్క అడుగుతారు. 1992 డిసెంబరు 6 తర్వాత దేశంలో ప్రతి గుమ్మటానికీ మేమే జవాబుదారులమయ్యాం. మెచ్చుకున్నా తిట్టినా ఇద్దరూ మేం ఎన్నడూ కాపురం చేయని కట్టడాలే మాకు అంటగట్టారు. మా ముత్తాతలు కోటలో ఉండలేదు. కోటకి రాయి కొట్టిన వాళ్ల పక్కన, మట్టి మిద్దెలో ఉన్నారు. ఆ మిద్దె చరిత్ర ఎవరూ రాయలేదు. నవాబుల వంశవృక్షాలు అచ్చయ్యాయి గానీ మా దాదీ అలికిన గోడ ఎత్తెంతో ఎక్కడా అచ్చు కాలేదు.

రాయలసీమను నిజాం 1800లో కంపెనీకి ధారాదత్తం చేశాడు. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ని 1839లో దింపేశారు. నవాబులు పోయారు, జాగీర్లు పోయాయి. ఊళ్లల్లో సాయిబులు మాత్రం ఉన్నచోటే ఉండిపోయారు. వాళ్లకి పోవడానికి వేరే ఊరు లేదు. ఉన్నది మిద్దె.

మిద్దె సంగతి తెలియని కోస్తా పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. సీమలో వాన తక్కువ, ఎండ ఎక్కువ, దొరికేది రాయి. అందుకే వాలు కప్పు అక్కర్లేదు, ఇంటి నెత్తి బల్లపరుపుగానే ఉంటుంది. గోడ రెండడుగుల మందం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. రాయీ బంకమన్నూ కలిపి లేపుతారు. గోడ మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద సన్నకట్టెలో నాపబండలో, వాటి మీద ఆకూ అలమూ, దానిపైన మట్టి. అన్నిటికంటే పైన చౌడు. పొలంలో చౌడు పడితే రైతు నెత్తిన చేయి పెట్టుకుంటాడు, అందులో గింజ మొలవదు. మిద్దె మీద పడితే అదే చౌడు వరం. అందులోని సోడియం ఉప్పు వల్ల బంకమట్టి కణాలు విడివడి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు కిందికి దిగవు. గడ్డీ త్వరగా మొలవదు. మొలిస్తే వేళ్లు కిందికి దిగి కప్పుని చీలుస్తాయి కదా. పనికిరాని మట్టితో ఇంటికి గొడుగు పట్టిన మనిషి ఎవరో గానీ ఆయన పేరు ఏ శాసనంలోనూ లేదు. ప్రతి ఏడూ వానలకి ముందు పాత చౌడు సరిచేసి కొత్త చౌడు పోయాలి. పోయకపోతే వాన ఊరుకోదు.

బయటినుంచి చూస్తే రెడ్డి మిద్దెకీ సాయిబు మిద్దెకీ తేడా లేదు. అదే రాయి, అదే చౌడు, వెలుతురు కోసం కప్పులో అదే గవాచి. లోపలికి వస్తే చిన్న చిన్న తేడాలు. పడమటి గోడలో ఒక గూడు, మా ఇంట్లో దాన్ని తాఖ్ అంటాం. గుడ్డలో చుట్టిన ఖురాన్ అందులో ఉంటుంది. ఖిబ్లా మనకి పడమరవైపు కాబట్టి అటు కాళ్లు పెట్టి పడుకోరు. మరుగుదొడ్డి కట్టుకునే రోజులొచ్చాక అది కూడా అటు మొహం పెట్టకుండా చూసుకున్నారు. దాలాన్‌కీ వీధికీ మధ్య పరదా. నడిమధ్య ఆకాశం కనిపించే ఆంగన్. అంతే. ఇంతకు మించి మా ఇస్లాం గోడల మీద కనిపించదు. కొన్ని దూదేకుల ఇళ్ల గడపలకి పసుపు కూడా ఉండేది. దాన్ని తప్పని కడిగించినవాళ్లు తర్వాత వచ్చారు.

పీర్ల చావిడీ ఇలాంటి ఇల్లే. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప పీర్ల పండగకి వచ్చే జనంలో ఎవరు ముస్లిమో ఎవరు కాదో విడదీయడం కష్టం. చావిడి గోడకి సున్నం కొట్టేవాళ్లనీ, గుండానికి కట్టెలు తెచ్చేవాళ్లనీ మీ మతమేమిటని ఎవరూ అడగలేదు. ఇక్కడ మతం పనుల పంపకంగా ఉండేది. ఇది స్వర్గమని మేం అనడం లేదు, పని పంచుకున్నవాళ్లు కంచం పంచుకోలేదు. అయినా ఆ గోడలు పదిమంది చేతుల మీదే లేచాయి.

ఆ చేతులెవరివి? రాయి కొట్టింది వడ్డెరలు. దూలం చెక్కింది వడ్రంగులు. మరి మావాళ్లు? దీనికి జవాబు చరిత్ర పుస్తకంలో కాదు, ఒక రిజర్వేషన్ చట్టంలో దొరికింది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలలో వెనకబడ్డ కులాలకి 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ బీసీ-ఇ జాబితా తయారుచేసింది. ఆ జాబితా ఒకసారి చదవండి. అత్తరు సాయిబులు, అచ్చుకట్లవాళ్లు, ఫకీర్లు, గారడీ సాయిబులు... ఆ వరసలో తురక కాశ, పత్తర్ ఫోడులు, రోళ్లకు కక్కు కొట్టేవాళ్లు, తిరుగటి గంట్లవాళ్లు. కాసెపని అంటే రాతిపని. తురక కాశ అంటే రాతిపని చేసే తురకలు. అరిగిపోయిన రోలుకీ తిరగలికీ ఉలితో గంట్లు పెట్టి మళ్లీ గరుకు చేసేవాళ్లు. ఊరూరా తిరుగుతూ 'రోళ్లకు కక్కు కొడతాం' అని కేకేసిన మనిషి ముస్లిం అన్న సంగతి ఎన్ని తెలుగిళ్లకు తెలుసు? ఆ ఇంటి పచ్చడి ఆ ఉలి పుణ్యమే. ఇక పరుపు సంగతి చెప్పనక్కర్లేదు. దూది ఏకింది నూర్‌బాషాలు. ఇంటికి గోడ ఎంత ముఖ్యమో రోలూ పరుపూ అంతే ముఖ్యం. మా వారసత్వం మినార్లలో వెతికేవాళ్లు ఒకసారి రోటి దగ్గర కూర్చుంటే బాగుండు.

ఇక మిద్దె ఎలా పడిపోయిందో చెప్పాలి. వానకి కాదు, ముందు మాటకి పడిపోయింది. కచ్చా, పక్కా అని రెండు మాటలున్నాయి. ప్రభుత్వం లెక్కలో మట్టి గోడ, పచ్చి ఇటుక గోడ తాత్కాలిక సామగ్రి. నాలుగు తరాలు కాపురమున్న మట్టి ఇల్లు తాత్కాలికం, పదేళ్లకే స్లాబు పెచ్చులూడి చువ్వలు కనిపించే ఇల్లు శాశ్వతం. 1979లో గృహనిర్మాణ సంస్థ వచ్చింది, 1985లో ఇందిరా ఆవాస్ వచ్చింది, పక్కా ఇల్లు పేదవాడి కలగా మారింది. కలని మేం తప్పు పట్టం. తలమీద కారని కప్పు అందరికీ కావాలి. కానీ ఆ కలతో పాటే మట్టి అంటే లేమి, మట్టి అంటే సిగ్గు అన్న భావం కూడా ఇంట్లోకి వచ్చింది.

మట్టిని అనుమానించడానికి కారణాలూ లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేల ఇళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ముందు పోయినవి నది ఒడ్డున పేదల మట్టి ఇళ్లే. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి నగరాన్ని మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడూ అంతే. నీళ్లు తీసిన తర్వాత మట్టి గోడలు ఉన్నచోట మట్టి కుప్పలున్నాయి. పాత మిద్దె కూలి మనుషులు చనిపోయారన్న వార్త లేని వానాకాలం సీమలో అరుదు. అడుగు మందం మట్టి చదరపు మీటరుకి దాదాపు అర టన్ను బరువు. నీళ్లు పీలిస్తే ఇంకా ఎక్కువ. దూలానికి చెదపట్టి ఉంటే ఆ బరువంతా నిద్రపోతున్న మనిషి మీద. అందుకే మట్టిని ప్రేమించే పట్నవాసుల వ్యాసాలు చదివినప్పుడు మాకు కొంచెం చిరాకు. ఆ ప్రేమలో చౌడు మోసిన తట్ట బరువు ఉండదు.

ఆ తట్ట మోసింది ఆడవాళ్లు. ప్రతి పండక్కీ గోడలు అలికింది ఆడవాళ్లు. పేడ విషయంలో మా ఇళ్లలో ఎప్పుడూ తర్జనభర్జనే. పాకీ, నాపాకీ పట్టింపు ఉన్నవాళ్లు ఎర్రమట్టితో అలికేవారు, లేనివాళ్లు పేడ కలిపేవారు. నాపబండలు వచ్చాక ఆ గొడవ తీరింది. నీళ్లతో కడిగితే చాలు, జానిమాజ్ పరచుకోవచ్చు. కొత్తిల్లు పాత పద్ధతిలో కడదామని మేం అనగానే మా అమ్మ అన్న మాట ఇది: "మట్టిల్లు అందంగా ఉంటుందని రాసేవాళ్లని ఒక వానాకాలం దాని కింద పడుకోమనండి. కారే చోటల్లా గిన్నె పెట్టి రాత్రంతా లేచి పారబోయమనండి. అప్పుడు కట్టండి." ఈ వ్యాసానికి ఆమె మాటే ఇంజనీరు సలహా.

గల్ఫ్ నుంచి వచ్చిన మా అన్న వాదన వేరు. కడప, రాయచోటి వైపు వెళ్లి చూడండి, కువైట్ డబ్బుతో లేచిన ఇళ్లు వరసగా కనిపిస్తాయి. కమాన్లు, నున్నటి టైల్సు, నల్లద్దాలు, కొన్నిటి నెత్తిన చిన్న గుమ్మటం. ఇరవై ఏళ్లు పరాయి ఇంట్లో పాచిపని చేసిన ఆడమనిషి సొంతూళ్లో రెండంతస్తులు వేసుకుంటే నవ్వే హక్కు ఎవరికీ లేదు. మా అన్న అడిగేది కూడా గుమ్మటమే. 'చూడగానే ముసల్మాను ఇల్లని తెలియాలి' అంటాడు. మమ్మల్ని దాక్కోమన్న కాలంలో అలా కనిపించాలనుకోవడం మాకు అర్థమవుతుంది. కానీ మా దాదా ఇల్లు చూస్తే ముసల్మాను ఇల్లని తెలిసేది కాదు. మరి ఆయన తక్కువ ముసల్మానా?

ఈ గుమ్మటం తగాదా మాతోనే మొదలు కాలేదు. ఈజిప్టులో హసన్ ఫతీ అనే వాస్తుశిల్పి 1940లలో లక్సర్ దగ్గర కొత్త గుర్నా అనే ఊరు కట్టాడు. ఫారోల సమాధుల మీద ఇళ్లు కట్టుకున్న గుర్నా జనాన్ని అక్కడినుంచి లేపి కొత్త ఊరికి పంపాలని ప్రభుత్వం అనుకుంది. ఫతీ సిమెంటు వద్దన్నాడు. పచ్చి ఇటుకతోనే గోడా కప్పూ రెండూ వేయించాడు. కింద చెక్క ఆధారం లేకుండా మట్టి ఇటుకతో కమాను కప్పు లేపడం నూబియా మేస్త్రీలకి తెలుసు. వాళ్లని అస్వాన్ నుంచి పిలిపించాడు. ప్రపంచమంతా మెచ్చుకుంది. జనం మాత్రం ఆ ఊళ్లోకి రాలేదు. పాత వస్తువుల మీద బతికే వాళ్లని ఆ సమాధుల దగ్గర్నుంచి లేపడం ఒక కారణం. ఇంకొకటి చాలామంది చెప్పేది: వాళ్లకి గుమ్మటం అంటే ఔలియాల సమాధి. బతికున్నవాళ్లు దాని కింద కాపురం చేస్తారా? మా ఊళ్లోనూ గుమ్మటం ఉన్నది ఒక్కటే, దర్గా. ఈ ముక్క చెప్పాక మా అన్న కొంచెం మెత్తబడ్డాడు. ఫతీ 1989లో పోయాడు. ఆయన పుస్తకం గొప్పది. కానీ జనాన్ని అడక్కుండా జనం సంప్రదాయాన్ని జనానికి ఇవ్వబోతే ఏమవుతుందో కూడా ఆ ఊరే చెబుతుంది.

సున్నం గురించి ఒక మాట. యర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వేది సున్నపురాయినే, మా నాపబండలదీ ఆ రాతి జాతే. దాన్నే 900 డిగ్రీల దగ్గర కాలిస్తే సున్నం, మట్టి కలిపి 1450 దాకా కాలిస్తే సిమెంటు. సున్నాన్ని నీళ్లలో నానబెట్టి, గానుగలో ఎద్దులతో ఇసుకతో కలిపి నూరి, కరక్కాయ నీళ్లూ బెల్లమూ కలిపేవారు. అది నెమ్మదిగా గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చి మళ్లీ రాయవుతుంది. గోడలో తేమ ఉంటే బయటికి వదులుతుంది. సిమెంటు పూత ఆ తేమని లోపలే బంధిస్తుంది, మట్టి గోడ లోలోపల కుళ్లుతుంది. చార్మినార్‌ని నిలబెట్టింది ఈ సున్నమే. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు కుతుబ్‌షాహీ సమాధుల పని మొదలుపెట్టాక, ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటుని గీకి తీసి మళ్లీ సున్నం పెట్టారు. సుల్తానులకి సిమెంటు పడదని తెలుసుకోవడానికి మనకి అంతకాలం పట్టింది. మా మిద్దెకి పడదని చెప్పేవాళ్లు ఇంకా రాలేదు.

ఇంతా మాట్లాడుకుని రాయి దగ్గరికి వెళ్లే ముందు మేం వెతికింది మాత్రం కాగితం. మా జాగా గ్రామకంఠంలో ఉంది. ఊరు పుట్టినప్పటినుంచీ ఇళ్లున్న నేల అది, విడిగా ఒక్కో ఇంటికీ పట్టా ఉండేది కాదు. అందరికీ అలవాటే, ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు అడుగుతారు. కొన్నేళ్లుగా వేరే రాష్ట్రాల్లో ఏదైనా గొడవ జరిగితే మర్నాడు బుల్‌డోజరు వచ్చి నిలబడటం టీవీల్లో చూస్తున్నాం. ఆ ఇళ్ల పేర్లు మా పేర్లలాగే ఉంటాయి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు 15 రోజుల నోటీసు లేకుండా కూల్చొద్దని చెప్పింది. ఆ తీర్పు మేం మడిచి దాచుకున్నాం, దస్తావేజుల పెట్టెలోనే. పొలిమేర దాటని మా దాదాకి ఇల్లంటే గోడలు. మాకు ఇల్లంటే ముందు ఫైలు.

ఇది కొత్త భయమేమీ కాదు. 1948 పోలీసు చర్య తర్వాత ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ అప్పుడే రాసింది. ఆ నివేదిక జనం చేతికి వచ్చింది 2013లో. ఆ ఊళ్ల నుంచి ఎంతోమంది ఇళ్లు వదిలి హైదరాబాదు చేరారు. వాళ్ల మనవలకి పట్నంలో ఇల్లంటే కిరాయి ఇల్లు. కోరుకున్న చోట ముస్లింలకి ఇల్లు అద్దెకి దొరకడమే కష్టంగా ఉందని 2006లో సచార్ కమిటీ రాసింది. పేరు చెప్పగానే 'మొన్ననే ఇచ్చేశామండీ' అన్న జవాబు మా పిల్లలందరికీ తెలిసిందే. ఊళ్లో ఆ పాత జాగాని వదలకూడదని మేం ఇంత పట్టుబట్టడానికి వారసత్వం ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

ఆఖరికి తేలింది ఇది. ఆంగన్ ఉంటుంది. ఆడవాళ్లని ఇంట్లో ఉంచేందుకు పుట్టిందని మా చెల్లెలు దాన్ని వద్దంది. వీధివైపు గోడలోనూ పెద్ద కిటికీ పెడతామన్నాక ఒప్పుకుంది. గోడలు రాయి, సున్నం. పాత మిద్దె దూలాల్లో చెదపట్టనివి దాలాన్‌కి వాడతాం, ఆ ఒక్క దాలాన్ మీదే దంతెలు, నాపబండలు, పైన పలచగా చౌడు. బరువెంత ఉండాలో ఇంజనీరు లెక్క వేసిచ్చాడు. పడక గదులకీ వంటింటికీ స్లాబు. అమ్మ పడుకునే గది మీద మట్టి ఉండదు, అది ఆమె షరతు. నేల బేతంచెర్ల బండలు. పడమటి గోడలో తాఖ్. గుమ్మటం లేదు, దాని బదులు మా అన్న దర్వాజా మీద చెక్కతో చిన్న కమాను చేయిస్తానన్నాడు, చేయించనీ. మేస్త్రీ వడ్డెర పెద్దాయన. వాస్తు చూపించారా అని ఆయనే అడిగాడు. ఖిబ్లా చూశాం అన్నాం. 'రెండూ పడమర దగ్గరే కదా సాయిబూ పేచీ' అని నవ్వి తాడు పట్టాడు.

పాత వంటింట్లో నేలలో పాతిన రోలు ఉంది. తవ్వి తీసి కొత్తిల్లు లేచేదాకా చింతచెట్టు కింద పెట్టాం. లోపల అద్దంలా అరిగిపోయింది, చట్నీ నూరితే జారిపోతుంది. కక్కు కొట్టేవాళ్లు మా వైపు రావడం మానేసి చాలా ఏళ్లయింది. డోన్ సంతలోనూ, నంద్యాలలోనూ అడిగి చూశాం. ఉలి పట్టిన చివరి మనిషి కొడుకు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడట. వాళ్ల నాన్న ఉలి ఇంట్లోనే ఉందో లేదో చూసి చెబుతానన్నాడు.